నల్లచుక్కలో మూడు తూట్లు

హన్మాండ్లు తన జన్మలో ఒక్క పిట్టనైనా కొట్టి ఎరగడు. అయినా తనను పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, కఫీల్, కొత్త తుపాకీ కొన్నాడని తెలిసినప్పుడు దోహాలో ఉమ్ ఘువైలినా కూలీల క్యాంపులో అతనంత సంతోషపడ్డవాడు ఇంకొకడు లేడు. తమ్ముడు పోయాక అతని ముఖంలో నవ్వులాంటిది కనబడటం అదే మొదలు. చూసినవాళ్ళు, దుఃఖంతో వీడికి పిచ్చి గానీ పట్టిందా అనుకున్నారు.

పిచ్చేం కాదు. వేటతుపాకీ కొన్నవాడు దాని గురి చూసుకోకుండా ఉండడు. గురి చూసుకోవాలంటే ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ పట్టణం దాటి తన తోటకు రావాలి. తోటకు వస్తే మనుషులకు దొరుకుతాడు. దొరికితే కాగితం మీద సంతకం పెట్టించుకోవచ్చు. సంతకం పడితే గంగన్న ఇంటికి పోతాడు.

గంగన్న హన్మాండ్లు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ నిజామాబాద్ జిల్లా నుంచి ఒకే విమానంలో, ఒకే కఫీల్ కింద సెంట్రింగ్ పనికి వచ్చారు. చమురు డబ్బు పొంగిపొర్లుతున్న ఏళ్ళవి. దోహాలో ఏ సందులో చూసినా ఇనుప సలాకలు, చెక్కలు, కాంక్రీటు. ఎవరికి కడుతున్నారో, ఎందుకు కడుతున్నారో కట్టేవాడికి తెలియదు. పొద్దున్నే "యల్లా, పదండి" అంటే ఎక్కడం, పొద్దుగూకితే దిగడం. గంగన్న ఒకరోజు దిగలేదు, పడ్డాడు. నాలుగో అంతస్తు మీద కాలికింది చెక్క జారింది. కిందివాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది. ఇప్పుడు ఆసుపత్రిలో శవాలుంచే చల్లగదిలో ఒక సొరుగులో ఉన్నాడు. కాస్త చలేస్తే చాలు అన్న దుప్పటి కూడా లాక్కుని కప్పుకునేవాడు గంగన్న. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా హన్మాండ్లుకు ఏడుపు ఆగదు.

ఇక్కడ శవాన్ని కాల్చడానికి వీల్లేదు. ఇంటికి పంపాలంటే, కఫీల్ తనకేమీ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. మేనేజరు సంతకం చెల్లదు. ఆ కాగితాన్ని అరబ్బీలో టైపు చేయించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బనీను లోపల దాచుకుని తిరుగుతున్నాడు హన్మాండ్లు. అక్కడ ఊళ్ళో వాళ్ళింట్లో పొయ్యి వెలగడం లేదు. పీనుగ లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదు. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టింది తింటున్నారు. ఇంటిపేరు కలిసిన పాలోళ్ళందరికీ అంటు. గుడికి పోరాదు, శుభకార్యం చేయరాదు. ఊరు ఊరంతా ఒక పెట్టె కోసం ఎదురుచూస్తోంది.

మరి ఇన్నాళ్ళూ సంతకం ఎందుకు పెట్టించుకోలేదంటారా? అడగలేదు, అందుకు.

అడగకపోవడం వెనక ముఖ్తార్ ఉన్నాడు. ముఖ్తార్ కఫీల్ కారు డ్రైవరు. బోధన్ మనిషి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఇప్పుడు యజమాని దగ్గర అరబ్బీ. చాలా మంచివాడు. గంగన్న పోయిన రోజు హన్మాండ్లుతో పాటు తనూ మెతుకు ముట్టలేదు. అతని తండ్రి ఒక దొర దగ్గర గుర్రబ్బండి తోలాడు. హన్మాండ్లు తండ్రి ఇంకో దొర గడిలో వెట్టి చేశాడు. కాబట్టి ఇద్దరికీ ఉగ్గుపాలతోనే ఒక విద్య అబ్బింది. దొర ముఖం చూసి నోరు విప్పాలి. కోపంగా ఉంటే కళ్ళబడకూడదు. నవ్వుతుంటే మాత్రం "నీ బాంచన్" అని కాళ్ళ మీద పడి కావలసింది అడుక్కోవాలి. వీళ్ళు సముద్రం దాటి వచ్చారు. ఈ దిక్కుమాలిన విద్య కూడా వీళ్ళ వెంటే దాటి వచ్చింది.

మొదటిసారి ఆఫీసుకు పోయినప్పుడు కఫీల్ ఫోనులో ఎవరి మీదో అరుస్తున్నాడు. ముఖ్తార్ గుమ్మంలోనే హన్మాండ్లు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఇప్పుడొద్దు తమ్మీ. మిజాజ్ మంచిగ లేదు."

రెండోసారి పోతే కఫీల్ పెంచుకునే డేగకు జబ్బు చేసిందట, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. "ఇయ్యాల అడిగితె కాగితం చింపి మొఖాన కొడ్తడు. మల్లొకనాడు చూద్దాం," అన్నాడు ముఖ్తార్. హన్మాండ్లు కూడా, చూద్దామన్నా అన్నాడు. అలా మంచి ఘడియ కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. పనివాడొకడు పడి చచ్చిపోయాడని మేనేజరు కఫీల్‌తో చెప్పే ఉంటాడు. వాడి శవం ఇంకా ఈ ఊళ్ళోనే ఉందని మాత్రం అతని చెవిన వేసినవాడు లేడు.

అప్పుడొచ్చింది ఈ తుపాకీ.

"చిన్నపోరనికి కొత్త బొమ్మ దొరికినట్టున్నది," అన్నాడు ముఖ్తార్. "రేపు పొద్దుగాల తోటల గురి చూస్తడట. సాయంత్రం దోస్తులతోని సూడాన్‌కు వేటకు పోతుండు. పోతె మల్ల ఎప్పుడొస్తడో అల్లాకే ఎరుక. రేపొక్కటే మోఖా మనకు. గురి మంచిగ కుదిరిందనుకో, ఆ ఖుషీల ఏది ముంగట పెట్టినా సంతకం కొడ్తడు."

"కుదరకుంటె?"

"అట్ల అనకు. టార్గెట్ కాడ గుంతల కూసుండెటందుకు ఒక మనిషి కావాలన్నడు. నీ పేరు చెప్పిన. కాగితం నా దగ్గర ఉంచు. నేను అతని పక్కనే ఉంట."

హన్మాండ్లు బనీనులోంచి సంచి తీసి ఇచ్చాడు. ఇచ్చాక గుండె దగ్గర వెలితిగా అనిపించింది.

తోట వెనక ఒక ఇసుకదిబ్బ ఉంది. దాని ముందు మనిషి లోతు గుంత. గుంత మీద రెండు కర్రలకు బిగించిన చట్రం, చట్రానికి టార్గెట్. పెద్ద తెల్లకాగితం మధ్యలో అరచేతి వెడల్పు నల్లచుక్క. రెండు వందల మీటర్ల అవతల జీపు పక్కన పరుపు పరుచుకుని, ఇసుక మూట మీద తుపాకీ ఆన్చి, కఫీల్ బోర్లా పడుకున్నాడు. గుంతలో కూర్చునేవాడికి పెద్ద పనేమీ లేదు. తుపాకీ పేలేటప్పుడు తల ఎత్తకూడదు. అటునుంచి తెల్లగుడ్డ ఊపితే పైకెక్కాలి. గుండు ఎక్కడ తగిలిందో, పొడుగు కర్ర చివర రేకు బిళ్ళ పెట్టి చూపించాలి. ఆ తూటు మీద మైదాపిండి జిగురుతో కాగితం ముక్క అతికించి మళ్ళీ కిందికి దిగాలి. గుండు చేసిన చిన్న తూటు అంత దూరానికి దుర్భిణిలోంచి కూడా కనబడదు. గుంతలో ఉన్నవాడు ఎక్కడ చూపిస్తే అక్కడ తగిలినట్టు.

"ఎల్లమ్మ తల్లీ, గోలీ సక్కగ పోయేటట్టు చూడు. కోడిని కోస్త," అని మొక్కుకున్నాడు హన్మాండ్లు. అరబ్బువాడి తుపాకీ గురికి తెలంగాణ ఎల్లమ్మకు కోడి. తల్లి కూడా నవ్వుకుని ఉంటుంది.

మొదటి మూడు గుండ్లూ ఎడమవైపు అడుగున పడ్డాయి. ఉన్నది ఉన్నట్టు చూపించాడు. అవతల కఫీల్ తుపాకీ మీది దుర్భిణి మర తిప్పుకున్నాడు. తర్వాతి మూడూ కుడివైపు ఎక్కడో పైన, ఒకదానికొకటి పొంతన లేకుండా తగిలాయి. మళ్ళీ మర తిప్పాడు. ఈసారి ఒకటి చుక్కకు దగ్గరగా వచ్చింది. రెండోది చట్రం కర్రను చీల్చింది. మూడోది అసలు టార్గెట్‌నే తాకలేదు. దుర్భిణి బిగింపు ఎక్కడో వదులుగా ఉంది. అది కనిపెట్టగలవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. కఫీల్ లేచి నిలబడి తుపాకీని, అమ్మిన దుకాణాన్ని, దుకాణంవాడి తల్లిదండ్రుల్ని తిడుతున్న కేకలు గుంతదాకా వినిపించాయి.

కాసేపటికి జీపు చప్పుడైంది. ముఖ్తార్ నీళ్ళసీసా మిషతో గుంత దగ్గరికి వచ్చాడు.

"కఫీల్ మొఖం మాడిపోయింది తమ్మీ. కారం చల్లినట్టు ఎగురుతుండు. ఇంక మూడు కొడ్తడట, అంతే, తుపాకీ మూటగట్టి పడేస్తడట."

"నన్నేం జెయ్యమంటవన్నా? గోలీ నా మాట ఇంటదా?"

"గోలీ ఇనకుంటె నువ్వు ఇను. అవి నల్లచుక్కల పడాలె. పడకున్నా పడాలె." ముఖ్తార్ గొంతు తగ్గించాడు. "గంగన్నను యాది జేసుకో."

జీపు వెళ్ళిపోయింది. హన్మాండ్లు జేబులో చెయ్యి పెట్టాడు. జేబులో జానెడు సలాక ముక్క ఉంది, ఒక కొస అరగదీసి మొనదేల్చింది. చెక్కల బెజ్జాల్లో ఇరుక్కున్న సిమెంటు పొడిచి తీయడానికి సెంట్రింగ్ వాళ్ళు ఉంచుకునేది. గంగన్నదే. ఆసుపత్రివాళ్ళు తిరిగి ఇచ్చిన బట్టల్లో దొరికింది.

తుపాకీ పేలింది. తెల్లగుడ్డ ఊగింది. హన్మాండ్లు పైకెక్కి చూశాడు. గుండు టార్గెట్ మూలన, నల్లచుక్కకు మూరెడు దూరంలో తగిలి ఉంది. ఆ తూటు మీద కాగితం ముక్క అతికించాడు. వీపుతో టార్గెట్‌ను మరుగు చేసి, సలాక మొనతో నల్లచుక్కలో ఒక తూటు పొడిచాడు. కర్ర ఎత్తి రేకు బిళ్ళను సరిగ్గా అక్కడ పెట్టాడు. అవతల ఒక కేక, ఈసారి తిట్టు కాదు. రెండో గుండు ఎటు పోయిందో కూడా తెలియలేదు. మొదటి తూటు పక్కనే రెండోది పొడిచాడు. మూడో గుండు ఇసుకలో దుమ్ము లేపింది, మూడోది పొడిచాడు. మూడూ ఒక సీసా మూత కింద పట్టేటంత దగ్గర.

కఫీల్ జీపును తనే నడుపుకుంటూ దిబ్బ దాకా వచ్చేశాడు. పక్కన ముఖ్తార్. కఫీల్ దిగి టార్గెట్‌ను చూశాడు, మూడు తూట్లనూ వేలితో తడిమాడు, "వల్లా!" అని కేకవేసి, మట్టికొట్టుకుపోయిన హన్మాండ్లును రెండు చేతులా కౌగిలించుకున్నాడు. అంత పెద్దమనిషి, అంత మంచి అత్తరు వాసన. హన్మాండ్లుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయిపోయింది, తమ్ముడు ఇంటికి పోతున్నాడు అనుకున్నాడు.

కఫీల్ జేబులోంచి బంగారు పాళీ కలం తీశాడు.

ముఖ్తార్ హన్మాండ్లు వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ప్లాస్టిక్ సంచి విప్పి, కాగితం మడతలు తీసి, జీపు బానెట్ మీదికి జరిపాడు. కఫీల్ టార్గెట్‌ను చట్రంలోంచి ఊడదీయించి అదే బానెట్ మీద, ఆ కాగితం పైనే పరిచాడు. మూడు తూట్ల కింద ఇంత పొడుగున సంతకం చేశాడు. తారీఖు వేశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. జాగ్రత్తగా చుట్ట చుట్టి సీటు మీద పెట్టాడు. కలానికి మూత పెట్టాడు.

ముఖ్తార్ రెండు చేతులా కాగితం పట్టుకుని అరబ్బీలో ఏదో వినయంగా అన్నాడు. కఫీల్ చేతి గడియారం చూసుకున్నాడు, నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడాడు, హన్మాండ్లు భుజం తట్టి ఒక ఖర్జూరాల డబ్బా చేతిలో పెట్టి జీపెక్కాడు.

"ఏమన్నడన్నా?" అన్నాడు హన్మాండ్లు.

ముఖ్తార్ తల ఎత్తలేదు. "తుపాకీ బాగ లేదని సూడాన్ పోవుడు బంద్ పెడ్దామనుకున్నడట. దుకాణానికి వాపస్ ఇచ్చి, ఇంకోటి వచ్చేదాక ఇంట్లనే ఉందామనుకున్నడట. నీ చెయ్యి మంచిదట. నీ పుణ్యాన పోతున్న అంటుండు."

"కాగితం?"

"వచ్చినంక చూస్త అన్నడు. ఇన్షా అల్లా అన్నడు. ఇమానం టైమైందట."

"గంగన్న సంగతని చెప్పినవా?"

"ఎట్ల చెప్త తమ్మీ? అంత ఖుషీల ఉన్న మనిషి ముంగట సావు మాట ఎట్ల ఎత్తుత? చిన్న కాగితం, జర సంతకం కావాలన్న."

జీపులోంచి హారన్ మోగింది. ముఖ్తార్ కాగితాన్ని హన్మాండ్లు చేతిలో పెట్టి పరుగెత్తాడు. హన్మాండ్లు ఖర్జూరాల డబ్బా పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. తుపాకీ పాడైందని తేలి ఉంటే కఫీల్ ఊళ్ళోనే ఉండేవాడు. ఇవాళ కాకుంటే రేపు, రేపు కాకుంటే ఎల్లుండి సంతకం పడేది. ఆ మనిషిని తన చేతులతో తనే విమానం ఎక్కించాడు, అదీ తమ్ముడి సలాకతో. ఎల్లమ్మకు మొక్కిన కోడి గుర్తొచ్చింది. ఏ ముఖం పెట్టుకుని కొయ్యాలి, ఏ ముఖం పెట్టుకుని ఎగ్గొట్టాలి? డబ్బాను ఇసుకలోకి విసిరేశాడు. తర్వాత లేచి ఏరుకున్నాడు, తిండి పారేస్తే పాపమని.

కఫీల్ ఒక వారంలో వస్తాడన్నారు. రాలేదు. అక్కణ్ణుంచి ఇంకో దేశం పోయాడన్నారు. హన్మాండ్లు ప్రతి శుక్రవారం ఆసుపత్రికి పోయి, చల్లగది బయట మెట్ల మీద కూర్చుని వచ్చేవాడు. లోపలికి రానివ్వరు. అయినా, వాడొక్కడే ఉన్నాడు కదా అని పోయేవాడు. ముఖ్తార్ కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు.

అలాంటి ఒక శుక్రవారం రాత్రి క్యాంపు గదిలో, సెలవు మీద ఊరికి పోయివచ్చిన జలంధర్ అనే పక్కూరి మనిషి ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. చదువు రానివాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాట్లాడి పంపడం అప్పటి అలవాటు. ముఖ్తార్ తన టేప్‌రికార్డర్ తెచ్చి మీట నొక్కాడు. కొంచెంసేపు మేకల అరుపులు వినిపించాయి. తర్వాత ఒక ఆడగొంతు. హన్మాండ్లు ఆ గొంతును గుర్తుపట్టలేదు. గంగన్న భార్య భూమవ్వ. మరదలు బావ ముందుకు వచ్చి మాట్లాడటం వాళ్ళ ఇంటి పద్ధతి కాదు. ఆమె గొంతు నేరుగా వినడం అతనికి అదే మొదటిసారి.

"బావా, నేను భూమవ్వను. నీతోని ఎన్నడు మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడుతున్న, తప్పనుకోకు. దుబాయ్ నుంచి పీనుగ వస్తదని రోజు బస్సు కాడ నిలబడ్డం. పాలోళ్ళ ఇంట్ల మాఘమాసంల లగ్గం ఉన్నది. అంటు పోకుంటె లగ్గమెట్ల జేస్తరు? ఎన్నొద్దులని ఆగుతరు? వాళ్ళది గూడ తప్పు లేదు. కులపోళ్ళు కూసున్నరు. పీనుగ దొరకనోళ్ళకు మోదుగాకులతోని బొమ్మ జేసి కాలుస్తరట. గట్లనే జేసిండ్రు. ఆయన గీతల అంగి ఉండె గద, గది తొడిగిండ్రు. మనిషంత లేదు బావా, పసిపిల్లంత ఉన్నది. అంగిల మునిగిపోయింది. డప్పులు గొట్టుకుంట తీస్కపోయి కాల్చిండ్రు. నా గాజులు పలగ్గొట్టిండ్రు. అందరు తానాలు జేసిండ్రు."

టేపులో ముక్కు చీదిన చప్పుడు.

"మూడోనాడు పిట్టకు పెట్టినం. పెట్టంగనే కాకి వచ్చి ముట్టింది. ఎంతమందికి పొద్దుమూకేదాక గూడ ముట్టదు. గంగన్న సల్లగ పోయిండు, ఇగ అయిపోయింది అన్నరందరు. పొయ్యి రాజేసిండ్రు. ఇగ పీనుగ తేవద్దంటున్నరు బావా. ఒక్క మనిషిని రెండుసార్లు కాలిస్తె ఊరికి అరిష్టమంట. మల్ల అంటు వస్తదంట. నేనేమంట? నా మాట ఎవ్వలింటరు? నాకొక్కటే తెల్వక అడుగుతున్న. ఆయన ఆడ్నే పెట్టెల ఉంటె, ఈడ కాకి ఎవ్వల బువ్వ తిన్నది బావా?"

ముఖ్తార్ మీట నొక్కి టేపు ఆపాడు. ఆపకుండా ఉండలేకపోయాడు. హన్మాండ్లు గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒక ఆశ ఉండాలి కాబోలు.

మాఘం వెళ్ళిపోయాక కఫీల్ తిరిగొచ్చాడు. సూడాన్లో ఒక్క జింక కూడా పడలేదట. తోటివాళ్ళంతా కొట్టారు, ఇతను మాత్రం ఎటు గురిపెడితే అటు కాకుండా ఇంకెటో తగిలింది. దోస్తులు తిరుగు ప్రయాణమంతా ఎగతాళి చేశారట. దిగిన మర్నాడే తుపాకీ పట్టుకుని తోటకు వచ్చాడు. గుంతలోకి ఆ మంచి చెయ్యివాడినే పిలవమన్నాడు.

"ఇయ్యాల మాత్రం దగ్గరికి రాకు," అన్నాడు ముఖ్తార్. "మనిషి నిప్పుల మీద ఉన్నడు."

హన్మాండ్లు గుంతలోకి దిగాడు. తుపాకీ పేలింది. ఎడమ అడుగున తగిలింది, అక్కడే చూపించాడు. మళ్ళీ పేలింది. తగల్లేదు, తగల్లేదని కర్ర అడ్డంగా ఊపాడు. అది నిజాయితీ అనుకోవద్దు. అబద్ధమాడటానికి కూడా ఓపిక కావాలి, అతనిలో ఆ ఓపిక అయిపోయింది, అంతే. కొన్ని గుండ్లు దండగయ్యాక కఫీల్ తుపాకీని జీపు మీద పడేశాడు. అప్పుడు హన్మాండ్లు గుంతలోంచి పైకొచ్చి, ఎవరూ గుడ్డ ఊపకుండానే, ఆ రెండు వందల మీటర్లూ నడిచి జీపు దగ్గరికి వచ్చాడు. ముఖ్తార్ వద్దు వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. ఊరు వద్దన్నా తమ్ముణ్ణి ఆ సొరుగులో వదిలెయ్యలేక, హన్మాండ్లు బనీనులోంచి సంచి తీశాడు. చెమటకు మెత్తబడిన కాగితాన్ని బానెట్ మీద పెట్టాడు. కాళ్ళ మీద పడలేదు. బాంచన్ అనలేదు. చేతులు కూడా కట్టుకోలేదు.

కఫీల్ కోపంగా కాగితం లాక్కున్నాడు. చదివాడు. చదువుతూ ఒకసారి హన్మాండ్లు ముఖంలోకి చూశాడు. కలం తీసి, టార్గెట్ మీద పెట్టినంత పొడుగు కాదు గాని, సంతకం పెట్టాడు. ఒక్క క్షణం పట్టింది. ముఖ్తార్‌ను ఏదో అడిగాడు. ముఖ్తార్ తల దించుకున్నాడు. కఫీల్ మళ్ళీ గట్టిగా అడిగి, చెయ్యి విదిలించి, కలం బానెట్ మీదే వదిలేసి, తుపాకీ పట్టుకుని నీడలోకి పోయాడు. సూడాన్ పోయే విమానంలో ఎవడో పడేసి పాడుచేశాడు గాని ఆ రోజు ఎంత బాగా కొట్టింది అని తోటమాలితో చెప్పుకుంటున్నాడు. ఆ మూడు తూట్ల కాగితం అద్దం కట్టించి ఇంట్లో బైఠకలో తగిలించాడట.

"ఏమడిగిండు?" అన్నాడు హన్మాండ్లు.

ముఖ్తార్ బానెట్ మీది కలం వైపు చూశాడు. "ఇంక పంపలేదా అని అడిగిండు. పాపం ఇన్నొద్దులు ఎందుకు ఉంచుకున్నరు, ఎవ్వరు ఆపిండ్రు అని అడిగిండు."

ఎండ నెత్తి మీదికొచ్చింది. ముఖ్తార్ కళ్ళు తుడుచుకుని, కాగితం తన వైపు తిప్పుకుని, కలం తీసుకున్నాడు. సంతకం కింద ఒక గీత ఖాళీగా ఉంది. శవాన్ని అక్కడ ఎవరు తీసుకుంటారో రాయాల్సిన చోటు. సంతకం పడనిదే దాంతో పనేముందని ఇన్నాళ్ళూ ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఆడ ఎవ్వలు తీసుకుంటరు తమ్మీ? పేరు చెప్పు, రాస్త."

హన్మాండ్లు ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టాడు.

"పేరు చెప్పు. ఎవ్వల్దో ఒగల్ది. ఊరి పేరన్న చెప్పు."

"తీసుకునేటోళ్ళు ఎవ్వలు లేరన్నా," అన్నాడు హన్మాండ్లు. "వాని పేరు మీద అందరు తానాలు జేసిండ్రు."

గీతను ఖాళీగానే వదిలి ముఖ్తార్ కలానికి మూత పెట్టాడు. నీడలోంచి కఫీల్, టార్గెట్ మార్చమని పిలుస్తున్నాడు.